రెండో కూత

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు.
మధ్యాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగాడు:
“ఇంజనీరింగ్ సీటు వదులుకుని
మనుషుల్ని చదవడమేంటమ్మా?”

ఏదో చెప్పాను.
సమాజం, సంస్కృతి, పరిణామం.
బట్టీపట్టిన మాటలు
చిల్లుపడ్డ గోనెలోంచి ఊకలా రాలాయి.
సీటొచ్చింది.
జవాబు మాత్రం నెల్లిమర్లలోనే ఉండిపోయింది,
రావులమ్మత్త పొయ్యి దగ్గర.

అత్తకి గడియారం చూడ్డం రాదు.
“రొండో కూతకి ఎసరెట్టాల” అనేది.
జూటు మిల్లు కూత నేను విన్నది లేదు.
నాకు ఊహ తెలిసేసరికే
గేటుకి తాళం, తాళానికి తుప్పు,
సైరన్ గొట్టంలో గోరింకల కాపురం.
అయినా అత్త చెవిలో ఎవరో
వేళ తప్పకుండా కూస్తూనే ఉన్నారు.
బియ్యం కడిగిన చెయ్యి కొంగుకి తుడుచుకుని
ఒక్క క్షణం తలెత్తేది,
అప్పుడు పడేది ఎసరు.

అన్నయ్య చేతిగడియారం అడిగి తెచ్చుకుని
తొమ్మిది రోజులు కాపు కాశాను.
అయిదు నిమిషాలు అటూ ఇటూ. అంతే.
లెక్కల నోటుబుక్కు వెనకపేజీలో రాశాను.
ఎందుకు రాస్తున్నానో తెలీదు.
పదమూడేళ్లు నాకు.

సన్నిబాబు మావయ్య స్పిన్నింగులో చేసేవాడు.
నిద్దర్లో కుడిచేతి రెండు వేళ్లు
తెగిన దారం ముడేస్తుండేవి.
గోగునార లేదు, మర లేదు, మేస్త్రీ లేడు.
పక్కింటి గుంటలు కూత అంటే
రైలనుకునేవారు.
ఒక మాటకి అర్థం
రెండిళ్ల మధ్య మారిపోయింది,
గోడ కూడా కదలకుండా.

ఇంకొకటుంది.
అత్త పొయ్యికి మూడోరాయి రాయి కాదు, ఇటుక.
గురుభక్తుల కొండ కింద మేకలు కాసిననాడు
వాళ్ల తాత నెత్తిన పెట్టుకుని తెచ్చాట్ట.
మన ఇటుకకి రెండింతలుంటుంది.
కొండమీద ఒకప్పుడు గుండు గీయించుకున్న సాధువులుండేవారని
ఎవరెవరు ఏమేం కట్టారని
మెట్ల దగ్గర బోర్డుంది.
బోర్డు మీద లేనిది ఇటుక మీద ఉంది:
ఒక కుక్క అడుగు.
నాలుగు వేళ్లు, ఒక మడమ.
మసి తుడిచి వేలు పెడితే
గోరు దిగిన గాటు కూడా తగిలేది.

ఎండకి ఆరేసిన తడిమట్టి మీద
అది దర్జాగా నడిచెళ్లింది.
ఎవరో చూసుంటారు.
చేతిలో మట్టి చేతిలోనే ఉండగా
అరిచుంటారు.

ఏమని?

నన్ను ఈ చదువులోకి లాగింది
ఆ ఒక్క అరుపు సార్.
రాజులు కాదు, శాసనాలు కాదు.
ఆ కుక్కని ఏ భాషలో అదిలించారు?
“ఛీ” అన్నారా, “హచ్చా” అన్నారా,
నాలుక అంగిట్లో కొట్టి ఊరుకున్నారా?
దానికో పేరుండేదా?
తిట్టినావిడ ఇంట్లో ఎసరు
ఏ కూతకి పడేది?

అత్తనడిగాను.
“ఏటే గుంటా, కుక్కకి బాసెందుకే?
సెయ్యెత్తితే సాల్దా?”
అంటూనే చెయ్యెత్తింది.
గుమ్మంలో నిజంగానే ఉన్న కుక్కొకటి
తోక ముడిచి వెళ్లిపోయింది.
ఆ చెయ్యెత్తడం
ఎవరి దగ్గర నేర్చుకుందో
అత్తకీ తెలీదు, కుక్కకీ తెలీదు.

మొన్న సెలవుల్లో వెళ్లాను.
గ్యాసొచ్చింది. ఇటుక పెరటితలుపుకి ఒత్తుగా ఉంది,
కుక్క అడుగు కిందకి తిప్పి.
నేను ఏదో అనబోయి ఆగాను.
మాట్లాడుతూ మాట్లాడుతూ
అత్త వంటింటివైపు చెవి పెట్టింది.
“ఉండే, రొండో కూతకి దించీయాల.”

ఆవిరి ఎగదన్నింది.
కుక్కర్ ఒకసారి కూసింది.

నేను సంచిలో
పెన్ను కోసం వెతుక్కుంటున్నాను.